గిరిజనులతో కలిసి వ్యాపారం ఎలా చేయాలి: తూకం నుంచి వాటా దాకా

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటూ చింతపండు, కొండచీపుళ్లు, జీడిపిక్కలు, పసుపు, చోళ్లు (రాగులు) వంటి సరుకులతో వ్యాపారం పెట్టాలనుకునేవారి కోసమూ, కొండ ఊళ్ల పొదుపు సంఘాలకు అప్పులిచ్చే బ్యాంకు ఉద్యోగుల కోసమూ ఇది రాస్తున్నాను. కొన్నేళ్లు సంఘాల లెక్కలు చూసే పని చేసినవాడిని కనుక, గిరిజనులను కూడా కలుపుకుని పోతామంటూ మొదలైన ప్రయత్నాలు నిలదొక్కుకోవడమూ చూశాను, ఏడాది తిరగకుండా మూతపడడమూ చూశాను. ఆశయాలు అందరికీ మంచివే ఉంటాయి. కాటా ఎవరు చదువుతున్నారు, పద్దు ఎవరు రాస్తున్నారు, ధర ఎవరు కూర్చుని తేల్చారు అన్న మూడు ప్రశ్నల దగ్గరే తేడా వస్తుంది. కింద చెప్పే పనులన్నీ ఆ మూడింటినీ సరిచేసుకోవడానికే.

మొదటి పని: ఊరు ఏ చట్టం కిందకు వస్తుందో తేల్చుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీలో ఎక్కువ భాగం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) రెండూ ఆ జిల్లాలోనే ఉన్నాయి. అయినా మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర తెగవారి ఊళ్లు శ్రీకాకుళం జిల్లాలోనే మిగిలాయి. శృంగవరపుకోట, గంట్యాడ, మెంటాడ వైపు కొండ మీది గూడేలు విజయనగరం జిల్లాలోనే ఉన్నాయి. గిరిజనులే నివసిస్తున్నా, వారి రక్షణకు ప్రత్యేక నిబంధనలు వర్తించే షెడ్యూల్డ్ ప్రాంతంగా నోటిఫై కాని, అంటే ప్రకటించని, ఊళ్లు ఈ రెండు జిల్లాల్లో చాలా ఉన్నాయి కనుక, మీరు వెళ్లబోయే ఊరు నోటిఫై అయిందో లేదో తహసీల్దారు కార్యాలయంలో ముందే అడిగి రాసుకోండి.

ఇది వట్టి కాగితం తేడా అనుకోవద్దు. నోటిఫై అయిన ఊళ్లో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. జనం దీన్నే వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం గిరిజనేతరుడు అక్కడ భూమి కొన్నా, కౌలుకు రాయించుకున్నా, తాకట్టు పెట్టించుకున్నా చెల్లదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ నిబంధన బలంతోనే. కాబట్టి గోదాము గానీ, పిక్క తీసే షెడ్డు గానీ కొండ మీద కట్టాలంటే అది సంఘం స్థలంలో, సంఘం పేరున ఉండాలి. మీ యంత్రం, మీ లారీ, మీ మార్కెట్ పరిచయాలు మీవే; నేల మాత్రం వారిది. ఇది ఇబ్బందిగా తోచేవారు పట్నంలోనే షెడ్డు పెట్టుకుని సరుకు కొనుక్కోవడం మేలు.

రెండో విషయం అటవీ ఫలసాయం. చింతపండు, కొండచీపుళ్లు, కుంకుడు, సీకాయ, అడ్డాకులు, తపసి బంక, తేనె వంటివి షెడ్యూల్డ్ ప్రాంతంలో కొనే హక్కు 1979 నాటి నిబంధన ద్వారా గిరిజన సహకార సంస్థకు, అంటే 1956లో మొదలైన మన జీసీసీకి, దఖలు పడింది. మరోవైపు 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకుని అమ్ముకునే యాజమాన్య హక్కును అడవిని నమ్ముకున్నవారికే ఇచ్చింది. వాటి రవాణా పర్మిట్ గ్రామసభ నియమించిన కమిటీ ఇవ్వవచ్చని 2012లో నియమాలను సవరించారు. ఈ రెంటి మధ్య మీరు సొంతంగా దారి వెతుక్కోకుండా, అటవీ సరుకైతే గ్రామసభ తీర్మానం తీసుకుని, దగ్గరి జీసీసీ బ్రాంచి మేనేజరును కలిసి, ఏ సరుకు ఎవరి ద్వారా ఎలా కొనాలో రాతపూర్వకంగా తెచ్చుకోండి. పసుపు, అనాస, కందులు, జీడిపిక్కలు, చిరుధాన్యాలు పొలంలో, తోటలో పండే పంటలు కనుక వాటికి ఈ చిక్కు లేదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ పంటలతోనే మొదలుపెట్టాలని నా సలహా.

రెండో పని: మీకంటే ముందు ఆ దారిన వెళ్లిన షావుకారును గుర్తుంచుకోండి

మిమ్మల్ని చూడగానే ఊరివాళ్లు ముభావంగా ఉంటే అందుకు కారణం బిడియం మాత్రమే అనుకోకండి. ఉప్పు, కిరసనాయిలు, బట్ట, పొగాకు అరువిచ్చి, పంట కోతకొచ్చే నాటికి వడ్డీ కింద పంటనూ, పంట చాలకపోతే పొలాన్నీ పట్టుకుపోయిన షావుకార్ల కాలం ఇక్కడి పెద్దవాళ్లకు కథ కాదు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక శ్రీకాకుళం కొండలు సాయుధ పోరాటంతో ఎలా రగిలాయో అందరికీ తెలుసు. ఆ రగలడానికి అడుగున ఉన్నది ఈ అప్పుల పద్దే. షెడ్యూల్డ్ ప్రాంతంలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లో, గిరిజనుల పాత అప్పుల భారం తగ్గించడానికి 1970లో విడిగా నిబంధనలు తేవలసి వచ్చింది. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అయితే గిరిజనులకు అప్పులివ్వడాన్నీ, ఊరి సంతనూ అదుపు చేసే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి.

అందువల్ల సరుకు రాకముందే అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేసే పద్ధతిని మీరు అసలు మొదలుపెట్టకండి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఇళ్లలో గింజలు నిండుకునే రోజులు. అడ్వాన్సు అడిగేదీ అప్పుడే, ఇచ్చినవాడు ధర తొక్కేదీ అప్పుడే. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే డబ్బు వ్యక్తికి కాక సంఘానికి ఇవ్వండి, వడ్డీ లేకుండా ఇవ్వండి, ధరను సరుకు వచ్చిన రోజు సంత ధరకు తగ్గకుండా లెక్కిస్తామని తీర్మానం పుస్తకంలో రాసి సంతకం చేయండి. అంతకంటే మంచి దారి, సంఘం దగ్గరే వంద కిలోల చోళ్లో సామలో గింజల నిధిగా ఉంచేలా మొదటి ఏడాది లాభంలో కొంత పక్కన పెట్టడం. ఆ నిధి ఉన్న ఊళ్లో ఎవరూ అడ్వాన్సు కోసం చేయి చాచకపోవడం నేను చూశాను.

మూడో పని: వారి క్యాలెండరు తెచ్చుకోండి

ఇక్కడ ఒక తప్పు నాదే చెబుతాను. ఒక ఏడు పుష్యమాసంలో కందుల ధర బాగుందని కాటా, గోనె సంచులు తీసుకుని ఒక సవర ఊరికి వెళ్లాను. కందులు కళ్లాల్లో కనిపిస్తున్నాయి, ఇళ్ల ముందు ఆరబోసి ఉన్నాయి, కానీ ఒక్కరూ సంచి ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక ఒక ముసలమ్మ జాలిపడి, "బాబూ, ఇంకా కొత్త పెట్టలేదు కదా" అంది. కందికొత్త చేసి, దేవుళ్లకూ పెద్దలకూ కొత్త పంట పెట్టనిదే ఆ పంటను తినరు, అమ్మరు. మామిడికీ అంతే, మామిడికొత్త అయ్యాకే పండు నోట పెడతారు. లారీ అద్దె దండగైన సంగతి అటుంచి, పండుగ ముందు కాటా పట్టుకుని వెళ్లడం మన ఇంట్లో నైవేద్యం కాకముందే వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీయడం లాంటిది.

అందుచేత ఊరి పెద్దల దగ్గర కూర్చుని, ఏ పంట ఎప్పుడు వస్తుంది, ఏ కొత్త ఏ వారంలో పెట్టే అవకాశం ఉంది, పోడు కొట్టేది ఎప్పుడు, సంత ఏ రోజు, ఏ నెలల్లో వాగు దాటలేరు అన్నవి ఒక పెద్ద కాగితం మీద వారితోనే గీయించండి. మాఘ ఫాల్గుణాల్లో చీపుళ్లు, చింతపండు, వేసవిలో జీడిపిక్కలు, వానలు పడ్డాక అనాస. మీ పెట్టుబడి, మీ అప్పు వాయిదాలు, మీ లారీ బేరం ఈ కాగితాన్ని బట్టి నడవాలి. పండుగ తేదీ ఒక్కోసారి పూజలు చేసే ఎజ్జోడు, ఊరి పెద్దలు కలిసి చివరి నిమిషంలో నిర్ణయిస్తారు కనుక ముందు రోజు ఫోను చేసి కనుక్కోకుండా బయల్దేరకండి.

నాలుగో పని: ఏ భాషలో మాట్లాడతారో, ఏ భాషలో రాస్తారో నిర్ణయించుకోండి

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన వాడుక తెలుగు కోసం పోరాడకముందే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలో బళ్లు పెట్టి, తర్వాతి కాలంలో ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూడా రాసినవారన్న సంగతి మాత్రం ఆ రోజు అంతగా వినిపించదు. సవర భాష ముండా కుటుంబానికి చెందింది. తెలుగుకు దానితో చుట్టరికం లేదు. మరో తెగ అయిన జాతాపుల్లో చాలామంది ఇప్పుడు తెలుగే మాట్లాడతారు, కొన్నిచోట్ల పెద్దవాళ్లకు కువి భాష వచ్చు. ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఒడియా కూడా వినిపిస్తుంది. కాబట్టి "అందరికీ తెలుగు వచ్చు కదా" అని మొదలుపెట్టకండి. సంతలో బేరమాడేంత తెలుగు రావడం వేరు, వాటాదారు ఒప్పందం అర్థమయ్యేంత తెలుగు రావడం వేరు.

ఆచరణలో ఇలా చేయండి. ఊరివాళ్లు ఎంచుకున్న ఒక అమ్మాయినో అబ్బాయినో దుబాసీగా పెట్టుకోండి, రోజుకు ఇంత అని కూలి ఇవ్వండి. మీరు చెప్పినదాన్ని వారు సవరలో చెప్పాక, విన్నవారిలో ఒకరిని లేపి, వారికి ఏమర్థమైందో మళ్లీ తెలుగులో చెప్పించుకోండి. మొదటిసారి ఇలా చేసినప్పుడు నేను "లాభంలో వాటా" అని చెప్పిన మాట "మీకు అప్పు ఇస్తాడట" అని తిరిగి వచ్చింది. ఒప్పందం కాగితాన్ని తెలుగులో రాసి, దాని సారాంశాన్ని సవరలో గొంతుతో రికార్డు చేయించి సభ్యుల ఫోన్లకు పంపండి. చదువు రాని అమ్మ కూడా రాత్రి ఇంట్లో మరోసారి వినగలదు. ధర, తూకం, తరుగు అనే మూడు మాటలకు వారి భాషలో సరైన పదం ఏదో అడిగి, రసీదు మీద ఆ పదాన్నే తెలుగు లిపిలో అచ్చు వేయించండి.

సమావేశంలో మగవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, సరుకు మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు ఏరి, ఎండబెట్టి, మోసుకొచ్చినది. ధర తేల్చే రోజు ఆడవాళ్ల సమావేశం విడిగా, వారు అడవి నుంచి తిరిగి వచ్చాక, సాయంత్రం పెట్టండి. పది గంటలకు పెట్టిన సమావేశానికి ఎవరూ రాలేదని ఫిర్యాదు చేసే అధికారులు ఆ సమయంలో వారు ఎక్కడుంటారో ఒకసారి అడిగితే సరిపోతుంది.

ఐదో పని: కాటా

నన్నడిగితే ఈ పని ఒక్కటి సరిగా చేసినా మిగతావి సగం సర్దుకుంటాయి. లెక్క కోసం చింతపండు కిలో 30 రూపాయలు అనుకుందాం. ఒకామె 40 కిలోలు మోసుకొచ్చింది. కాటా పదికి కిలో చొప్పున తక్కువ చూపితే అది 36 అవుతుంది; పీచు ఉంది, తేమ ఉంది అని మరో 2 కిలోలు తరుగు తీస్తే 34. ఆమె చేతికి 1,200 రూపాయలకు బదులు 1,020 వస్తాయి. ధర గురించి ఎవరూ అబద్ధమాడలేదు, బోర్డు మీద 30 అనే ఉంది, అయినా ఆమె సొమ్ములో 15 శాతం పోయింది. అనాస అయితే ఇంకా సులువుగా పోతుంది, ఎందుకంటే దాన్ని కిలోల్లో కాక కావిడి లెక్కన కొంటారు. కావిడికి ఎన్ని పండ్లో, ఏ సైజు పండ్లో కొనేవాడి నోటి మాటే.

అందుకని తూనికలు కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిది ఉన్న కాటాయే వాడండి. దాన్ని అమ్మేవారికి అంకెలు కనిపించేలా తిప్పి పెట్టండి. తూకం మొదలుపెట్టే ముందు సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్లు ఐదు అందరి ముందూ కాటా మీద పెట్టి చూపండి. ప్యాకెట్లు ఊరి దుకాణంలోవే అయితే ఇంకా మంచిది. అంకెలు చదివే పని సంఘంలో చదువుకున్న అమ్మాయికి అప్పగించండి, మీ గుమాస్తా కేవలం సంచులు ఎత్తాలి. చోళ్లు, సామలు కుంచాలతోనూ మానికలతోనూ కొలిచే అలవాటు ఉన్న ఊళ్లో ఆ కొలతను తీసిపారేయకుండా, ఒక కుంచెడు చోళ్లు కిలోల్లో ఎంత తూగుతాయో మొదటి రోజే అందరి ముందూ తూచి గోడ మీద రాయండి.

తరుగు తీయవద్దని నేను అనను. తడి చింతపండుకు తరుగు ఉండక తప్పదు. కానీ అది ఎంతో ముందే చెప్పాలి. పిక్కతో ఉన్నదానికి, పిక్క తీసినదానికి, పీచు తీసినదానికి మూడు నమూనాలు మూడు చాటల్లో పెట్టి, ఒక్కోదానికి ధర రాసి ఉంచండి. సరుకు తెచ్చినవారే తమది ఏ చాటలోదో చూసుకుంటారు, పేచీ తగ్గుతుంది, మరుసటి వారం పిక్క తీసి తెచ్చేవారు పెరుగుతారు. రసీదు రెండు ప్రతులు: ఒకటి ఆమె చేతికి, ఒకటి సంఘం ఫైలుకు.

ఆరో పని: పేర్లు, ఖాతాలు, అప్పు

డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయాలని నిర్ణయించుకున్నాక ఎదురయ్యే చిక్కు మైదానంవాళ్లకు తట్టదు. సవరల్లో చాలామందికి ఇంటిపేరు సవర అనే ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఆడవాళ్లు ముగ్గురు నలుగురు ఉండడం మామూలే. ఒక సంఘంలో ముగ్గురికి ఒకే పేరు ఉండడం వల్ల ఒకామె చీపుళ్ల డబ్బు మరొకామె ఖాతాలో పడి, తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. మీ జాబితాలో పేరుతోపాటు తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నెంబరులో చివరి నాలుగు అంకెలు, చిన్న ఫోటో తప్పక ఉంచండి. ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌బుక్‌లో ఇంకో రకంగా పేరు ఉంటే సరుకు కొనే కాలానికి ముందే దిద్దించండి. సీజన్ మధ్యలో అది జరగదు. బ్యాంకు ఉద్యోగులకు ఒక మాట: కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా అడిగితే ఇవ్వడం మీ విధి, దయ కాదు. ఒక్క సంతకం కోసం 20 కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషిని రేపు రమ్మనడం వల్ల మీ శాఖ ఎన్ని ఖాతాలు పోగొట్టుకుందో లెక్కేసుకోండి.

అప్పు విషయంలో పొదుపు సంఘం దారే ఇప్పటికీ అన్నిటికంటే నమ్మకమైనది. మామూలుగా సంఘానికి 10 మంది కావాలి, గిరిజన ప్రాంతాల్లో 5 మందితో కూడా పెట్టుకోవచ్చు. ఆరు నెలలు క్రమంగా సమావేశాలు, పొదుపు, లోపలి అప్పులు, వసూళ్లు, పద్దులు సాగితే బ్యాంకు లింకేజీకి, అంటే బ్యాంకు నుంచి సంఘం అప్పుకు, అర్హత వస్తుంది. 10 లక్షల రూపాయల దాకా సంఘాల అప్పుకు బ్యాంకు తాకట్టు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను బిగించి పెట్టకూడదు. ఈ మాట మేనేజరుకు తెలియక కాదు, సంఘానికి తెలిస్తే అడుగుతుందని చెబుతున్నాను. వ్యక్తిగతంగా చిన్న దుకాణమో పిండిమరో పెట్టుకునేవారికి ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా దొరుకుతుంది. జాతీయ షెడ్యూల్డ్ తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ గిరిజన మహిళలకు ఏటా 4 శాతం వడ్డీతో అప్పు ఇచ్చే పథకం నడుపుతోంది. ఐటీడీఏలో అడిగితే దరఖాస్తు దారి చెబుతారు.

అటవీ హక్కుల పట్టా, మనవాళ్లు ఆర్‌ఓఎఫ్ఆర్ పట్టా అనేది, వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేనిది. దాన్ని మీ దగ్గర హామీగా పెట్టించుకోకండి, అది మీకెందుకూ పనికిరాదు, వారికి మాత్రం పంట రుణం తెచ్చుకోవడానికి పనికొస్తుంది. 2025 జనవరి నుంచి తాకట్టు లేని వ్యవసాయ రుణం పరిమితి 2 లక్షలకు పెరిగింది.

సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వాయిదాలు వసూలు చేస్తాయి, చీపుళ్లు మాత్రం వారం వారం రావు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే సూక్ష్మరుణానికి తాకట్టు ఉండకూడదని, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదని, వడ్డీ, రుసుముల వివరాల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. ఆ పత్రం లేకుండా వేలిముద్ర వేయవద్దని సంఘాలకు చెప్పండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448 నెంబరుకు ఫోను చేయవచ్చు.

ఏడో పని: కంపెనీ పెట్టాలా, సంఘంగానే ఉండాలా?

సరుకు ఒక లారీ దాటనంతకాలం సంఘాల గుంపే చాలు. అటవీ సరుకు సేకరించే గిరిజనుల కోసం ప్రభుత్వం పెట్టిన వన్‌ధన్ కేంద్రాల నమూనా కూడా 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మంది సేకరణదారులు అనే లెక్కతో మొదలైంది. వ్యాపారం పెరిగాక 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద మ్యాక్స్ సంఘంగానో, కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీగానో నమోదు కావచ్చు. ఉత్పత్తిదారుల కంపెనీకి కనీసం 10 మంది ఉత్పత్తిదారులు కావాలి. ఎవరికి ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికీ ఒకే ఓటు ఉండడం, లాభాన్ని సరుకు ఇచ్చిన నిష్పత్తిలో బోనస్‌గా పంచే వీలుండడం దీనిలోని మంచి. ఏటా ఆడిటు, రిటర్నులు తప్పవు, వాటికి డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించేంత అమ్మకం లేనప్పుడు కంపెనీ పెట్టి, మూడో ఏడు జరిమానా నోటీసులు అందుకున్న ఊళ్లు ఉన్నాయి. తొందరపడవద్దు.

చిన్న, సూక్ష్మ సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. తినే సరుకుకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించండి. ఇవి సంఘంలోని అమ్మాయి ఫోనులోనే చేయగలిగిన పనులు.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న, సూక్ష్మ సంస్థల నుంచి, ఆ 25లో భాగంగా మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలన్న విధానం ఉంది. దానికి సంస్థలో కనీసం 51 శాతం యాజమాన్యం వారిదై ఉండాలి. ఈ మాట వినగానే కొందరికి ఒక ఆలోచన వస్తుంది: ఊళ్లో ఒక గిరిజనుడి పేరున సంస్థ పెట్టి, చెక్కు బుక్కు మన సొరుగులో పెట్టుకుంటే సరి. సంస్థ యజమాని అని కాగితం మీద ఉన్న మనిషి అదే సంస్థ గోదాములో రోజుకూలీకి సంచులు మోస్తుండగా నేను చూశాను. ఇది బినామీ వ్యవహారం, మోసం. పన్ను నోటీసు వచ్చినా, అప్పు ఎగవేత కేసు వచ్చినా పట్టుబడేది ఆ కూలీయే. మీరు భాగస్వామి అయితే మీ వాటా 49 శాతమో అంతకంటే తక్కువో స్పష్టంగా రాసుకోండి, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలూ తప్పనిసరి చేయండి, అందులో ఒకటి సంఘం ఎన్నుకున్న మహిళది కావాలి.

ఎనిమిదో పని: బొమ్మలు, ఆటలు, పేర్లు వాడుకునే ముందు అడగండి

సవరల గోడబొమ్మలు అందంగా ఉంటాయి, ప్యాకెట్టు మీద వేస్తే సరుకు అమ్ముడవుతుంది. కానీ అవి అలంకారం కోసం వేసుకున్నవి కావు. దేవుళ్లకూ గతించిన పెద్దలకూ చోటు చూపడానికి పూజతో వేసినవి. ఏ బొమ్మ బయటి సరుకు మీద వేయవచ్చో, ఏది వేయకూడదో ఊరి పెద్దలు, ఎజ్జోడు చెప్పాలి. వేయవచ్చన్న బొమ్మను గీసిన మనిషి పేరు ప్యాకెట్టు మీద అచ్చు వేయండి, గీసినందుకు ఒకసారి, ప్రతి అచ్చుకూ కొంత చొప్పున మరోసారి చెల్లించండి. దుకాణం ప్రారంభానికి థింసా నృత్యం ఆడించదలిస్తే రానుపోను ఖర్చులు, ఆ రోజు కూలి, భోజనం ముందే మాట్లాడుకోండి. జ్ఞాపికలు ఇచ్చి పంపేయడం మానండి, జ్ఞాపికను సంతలో ఎవరూ కొనరు.

తొమ్మిదో పని: ఏడాదికొకసారి పద్దు బహిరంగంగా చదవండి

కొత్త పంట రాకముందు, చేతిపని తక్కువగా ఉన్న రోజు చూసి, ఊరి చావడిలో పద్దు చదివే సమావేశం పెట్టండి. ఎంత సరుకు కొన్నాం, ఎంత పెట్టి కొన్నాం, దారి ఖర్చు, సంచుల ఖర్చు, కూలి, వడ్డీ, ఎంతకు అమ్మాం, ఎంత మిగిలింది అన్నది ఒక్కో పంక్తి తెలుగులో చదివి, దాన్ని దుబాసీ వారి భాషలో చెప్పాక, అడిగేవారు ఉన్నారేమో చూసి తర్వాతి పంక్తికి వెళ్లండి. ఎంత ఆలస్యమైనా ఈ క్రమం మార్చకండి. మొదటి ఏడాది ఎవరూ నోరెత్తరు. రెండో ఏడాది ఎవరో ఒకరు, తరచూ వెనక వరసలో పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఆమె, లారీ రెండుసార్లు వచ్చిందని రాశారేమిటి, ఒకసారే కదా వచ్చింది అంటుంది. అప్పుడు సమాధానం వెతుక్కోకుండా లారీ బిల్లులు తీసి అందరి ముందూ పరవండి. పొరపాటు పడి ఉంటే ఆ పంక్తిని అక్కడికక్కడే కొట్టేసి, సరైన అంకె రాసి, పక్కన ఆమె చేతనే సంతకమో వేలిముద్రో పెట్టించండి.